రెండు రంగుల గోడ, మధ్యలో గీత: ఏ మాస్కింగ్ టేప్ వాడాలి?

తెల్లగోడ
అందరికీ నమస్కారం. ఒక గది గోడకి పైన లేత మీగడ రంగు, కింద ముదురు ఆకుపచ్చ వేద్దామని అనుకున్నాం, రెండింటి మధ్య గీత కత్తితో కోసినట్టు రావాలి. పై రంగు వేయడం అయిపోయింది, మామూలు వాటర్ బేస్ ఎమల్షన్, ఆరి వారం దాటింది. ఇప్పుడు కింద రంగు వేసేటప్పుడు అది పై రంగుకి అంటకుండా అంచు వెంట అంటించే మాస్కింగ్ టేప్ కొనాలి. చూస్తే పసుపు, నీలం, ఆకుపచ్చ, ఊదా, తెలుపు అన్నీ ఉన్నాయి, అట్ట మీద చదివినా ఏది దేనికో తేలడం లేదు. అదే గదిలో కిటికీ ఫ్రేములకి ఎనామిల్ వేయాలి, ఒక పాత చెక్క బీరువా కూడా ఉంది. అన్నిటికీ ఒకే టేప్ సరిపోతుందా, విడివిడిగా తీసుకోవాలా? నా భయాలు రెండే. టేప్ కిందకి రంగు పాకిపోవడం, టేప్ లాగినప్పుడు మీగడ రంగు పెచ్చులుగా ఊడిరావడం. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బ్రష్ బాబాయి
టేప్ రంగు చూసి కొనకండి. నీలం అంటే ఇది, ఆకుపచ్చ అంటే అది అని అందరికీ వర్తించే నియమం ఏదీ లేదు, ఏ కంపెనీ ఇష్టం ఆ కంపెనీది. మామూలు పసుపు టేప్ గట్టిగా పట్టేస్తుంది, కానీ ఫ్రాగ్‌టేప్ వాళ్ల పసుపు టేప్ కొత్త రంగు మీద వాడుకోవడానికే చేసింది. అట్ట మీద చూడాల్సింది ఎంత పట్టు, ఎన్ని రోజుల్లోపు తీసేయాలి, ఏ ఉపరితలానికి అని. మిగతాదంతా ప్రకటన.

ఇంకో మాట. టేప్ గురించి అడిగేవాళ్లంతా దేనికి రంగు వేస్తున్నామో చెబుతారు. టేప్‌కి దానితో పని తక్కువ, అది పట్టుకునేది పక్కనున్న పొరని. మీ ఆకుపచ్చ సంగతి తర్వాత, ఆ మీగడ రంగు గోడని ఎంత గట్టిగా పట్టుకుందో ముందు తెలియాలి. గోడకి లప్పం పెట్టారా? ప్రైమర్ వేశారా? పై రంగుని అరచేత్తో రుద్దితే పొడి అంటుతోందా? ఇవి చెప్పండి, టేప్ నేను చెబుతా.

సన్నగీత
నేను చిన్న చిన్న మోడల్ విమానాలు, ట్యాంకులు చేసి రంగులు వేస్తుంటాను, గోడలు కూడా వేశాను. ఎక్కువ ఆలోచించకుండా వాషి టేప్ తీసుకోండి. పల్చగా ఉండే జపాన్ తరహా కాగితం, ముడతలు ఉండవు. మామూలు మాస్కింగ్ టేప్ అంచుని దగ్గరగా చూస్తే చిన్న చిన్న ముడతలు కనిపిస్తాయి, రంగు దూరేది వాటి సందుల్లోంచే. వాషికి ఆ సందులే ఉండవు, పైగా పల్చన కాబట్టి టేప్ పక్కన రంగు గట్టులా పేరుకోదు, తీశాక గీత దగ్గర మెట్టు తగలదు.

రసాయనం
సన్నగీత గారు చెప్పింది నిజమే, కారణం కూడా చెబుతాను ఎందుకంటే అది తెలిస్తే ఏ టేప్ అయినా మీరే ఎంచుకోగలరు. టేప్ అంటే రెండు విషయాలు: వెనకున్న కాగితం, దాని మీద జిగురు.

మామూలు మాస్కింగ్ టేప్ కాగితాన్ని కావాలనే ముడతలు పెట్టి చేస్తారు, క్రేప్ పేపర్ అంటారు. ఆ ముడతల వల్లే అది కాస్త సాగుతుంది, వంపుల మీద తిరుగుతుంది, చేత్తో చింపితే చిరుగుతుంది. అవే ముడతలు సూటి గీతకి అడ్డం. వాషి సాగదు, అందుకే సూటి గీతకి బాగుంటుంది, మెలికలు తిప్పడానికి కష్టం.

జిగురులోనూ రెండు పెద్ద రకాలు. రబ్బరు జిగురు అంటించగానే పట్టేస్తుంది, చవకగా వచ్చే పసుపు టేపుల్లో ఎక్కువగా ఇదే. కానీ ఎండకీ వేడికీ అది పాడవుతుంది, మొదట మెత్తబడి జిడ్డుగా మారుతుంది, తర్వాత గట్టిపడి కాగితం చిరిగిపోయినా జిగురు మాత్రం అక్కడే ఉండిపోతుంది. యాక్రిలిక్ జిగురు మొదట్లో తక్కువ పట్టుతో మొదలై నెమ్మదిగా పెరుగుతుంది, ఎండని తట్టుకుంటుంది, రోజులు గడిచినా శుభ్రంగా వస్తుంది. అట్ట మీద 14 రోజులు, 21 రోజులు, 60 రోజులు అని రాసేది దీన్నిబట్టే. ఆ గడువు దాటితే టేప్ రాదని కాదు, జిగురు మిగలకుండా వస్తుందన్న హామీ అక్కడితో అయిపోతుందని అర్థం. నేరుగా ఎండ పడే కిటికీ మీదైతే ఆ గడువుని కూడా నమ్మకండి, సగం అనుకోండి.

తెల్లగోడ
బాబాయి గారూ, లప్పం రెండుసార్లు పెట్టి రుద్దారు, ప్రైమర్ ఒక కోటు, దాని మీద ఎమల్షన్ రెండు కోట్లు. చేత్తో రుద్దితే ఏమీ అంటడం లేదు. కానీ కిటికీ పక్కన ఒక చోట మాత్రం గోరుతో గీకితే చిన్న పెచ్చు వచ్చింది, అక్కడ ఇంతకుముందు చెమ్మ ఉండేది.

బ్రష్ బాబాయి
ఆ చెమ్మ ఉన్న చోట ఎంత మెత్తని టేప్ అంటించినా రంగు వచ్చేస్తుంది, అది టేప్ తప్పు కాదు. లప్పమే గోడని వదిలేసింది, రంగు లప్పం మీద కూర్చుని ఉంది అంతే. ఆ భాగాన్ని గీకి, చెమ్మ కారణం సరిచేసి, ఎండనిచ్చి, మళ్లీ లప్పం, ప్రైమర్ వేయాల్సిందే. గీత అక్కడి నుంచే వెళ్తే ఇది ముందు చూడండి.

మిగతా గోడకి పరీక్ష ఇలా చేయండి. బీరువా వెనక పడే మూలలో, మీరు కొనబోయే టేప్ ముక్కే ఒకటి అంటించి, వేలితో బాగా ఒత్తి, ఒక రోజంతా వదిలేయండి. నెమ్మదిగా లాగి జిగురు వైపు తిప్పి చూడండి. ఏమీ అంటుకోకపోతే నిశ్చింతగా వేసుకోండి. సన్నని పొడి అంటుకుంటే గోడని తడిగుడ్డతో తుడిచి, ఆరాక మళ్లీ చూడండి. రంగు పొరే వస్తే మాత్రం ఆగిపోవాలి.

పరిశ్రమల్లో పెయింట్ పట్టుని పరీక్షించేదీ ఇలాగే, బ్లేడుతో గళ్లు గళ్లుగా కోసి దాని మీద టేప్ అంటించి లాగుతారు. ఏఎస్‌టీఎం డి3359 అని దానికి ప్రమాణమే ఉంది. ఇంట్లో అంత అక్కర్లేదు, ముక్క అంటించి చూస్తే చాలు, కానీ ఈ ఒక్క పని ఎవరూ చేయరు.

సన్నగీత
పైగా వారం అన్నారు కదా. ఎమల్షన్ గంటల్లో ఆరినట్టు ఉంటుంది, కానీ లోపలి వరకు పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. చెమ్మగా, చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ. అన్ని రోజులు ఆగే తీరిక లేకపోతే తక్కువ పట్టు ఉన్న టేప్ తీసుకోండి, అట్ట మీద డెలికేట్ సర్ఫేస్ అని ఉంటుంది. అలాంటి వాటిని రంగు వేసిన 24 గంటల తర్వాత అంటించుకోవచ్చని కంపెనీలే రాస్తాయి. మీకు వారం అయింది కాబట్టి ఇబ్బంది ఉండదు.

బ్రష్ బాబాయి
తక్కువ పట్టు టేప్‌తో ఒక చిక్కుంది, అది కూడా చెప్పాలి. గోడ మీద దుమ్ము కొంచెం ఉన్నా, గోడ కాస్త గరుకుగా ఉన్నా అది అంటుకోదు. సాయంత్రం అంటించి పొద్దున చూస్తే అక్కడక్కడా లేచిపోయి ఉంటుంది, చూసుకోకుండా రంగు వేస్తే కిందకంతా పాకుతుంది. లప్పం రుద్దిన గదిలో దుమ్ము కంటికి కనిపించదు కానీ గోడంతా ఉంటుంది. తుడవండి, ఆరనివ్వండి, టేప్ అంటించండి, వెంటనే రంగు మొదలుపెట్టండి. ముందు రోజే టేప్ అంటించి పెట్టుకోవడం నాకు నచ్చని అలవాటు.

కొత్తబ్రష్
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. రంగు పాకకుండా టేప్ అంచుని మూసేస్తారట, దాన్ని ఎవరైనా వివరించగలరా? దేనితో మూస్తారు?

సన్నగీత
గోడ మీద ముందే ఉన్న రంగుతోనే. తెల్లగోడ గారి విషయంలో అది మీగడ రంగు. టేప్ అంటించాక, ఆకుపచ్చ వేయబోయే వైపు అంచు మీద, సగం టేప్ మీద సగం గోడ మీద పడేలా మీగడ రంగునే పల్చగా ఒకసారి రాయాలి. టేప్ కింద సందులుంటే వాటిలోకి ముందు మీగడ రంగే దూరి ఆరిపోతుంది, మీగడ మీద మీగడ కాబట్టి కనిపించదు. సందులన్నీ అప్పటికే నిండిపోయాయి కాబట్టి ఆ తర్వాత వేసే ఆకుపచ్చకి దూరే చోటు ఉండదు. టేప్ ఏ రకమైనా ఈ పని చేస్తే గీత మారిపోతుంది. అసలు ఖరీదైన టేప్ కన్నా ఈ ఒక్క కోటు మీద నాకు నమ్మకం ఎక్కువ.

పాత రంగు మిగలకపోతే రంగులేని మ్యాట్ యాక్రిలిక్ వార్నిష్ వాడొచ్చు. గ్లాసీ వద్దు, వెలుతురు పక్క నుంచి పడినప్పుడు గీత పక్కన సన్నగా మెరుస్తుంది.

రసాయనం
అంచు తనంతట తానే మూసుకునే టేపులు కూడా వచ్చాయి. అంచున నీటిని పీల్చే పాలిమర్ ఉంటుంది, ఎమల్షన్‌లోని నీరు తగలగానే అది ఉబ్బి జెల్‌లా మారి సందుని మూసేస్తుంది. పిల్లల డైపర్లలో నీటిని పట్టి ఉంచేదీ ఆ కుటుంబానికి చెందిన పదార్థమే. బాగా పనిచేస్తుంది, కానీ అది పనిచేసేది నీటితో. తెల్లగోడ గారూ, మీ కిటికీలకి వేసేది ఎనామిల్, అందులో ఉండేది టర్పెంటైన్ లాంటి ద్రావకం, నీరు కాదు. ఎనామిల్ కోసం ఈ టేప్ కొంటే దాని ప్రత్యేకతకి పెట్టిన డబ్బు వృథా. గోడకైతే కొనండి. ఇంకో సంగతి, ఆ టేప్ వాడేముందు తడిగుడ్డతో తుడిచిన గోడ పూర్తిగా ఆరాలి, ఆ చుట్టని డబ్బాలో మూత పెట్టి ఉంచాలి. లేకపోతే గాలిలో చెమ్మకే అంచు పాడవుతుంది.

బ్రష్ బాబాయి
నేను మామూలు టేప్‌తోనే, మీగడ రంగు ముందు రాసే పద్ధతిలోనే చేస్తాను, తేడా రాదు. అయితే అంచుని ఒత్తడం మరిచిపోకండి. టేప్ మొత్తాన్ని కాదు, రంగు పడే వైపు అంచుని మాత్రం లప్పం పట్టీతో గానీ పాత ప్లాస్టిక్ కార్డుతో గానీ గట్టిగా ఒత్తుకుంటూ పోవాలి. రెండో అంచుని వదిలేసినా పర్వాలేదు, తీసేటప్పుడు సులువుగా ఉంటుంది.

టేప్‌ని సాగదీస్తూ అంటించకండి. సాగదీసి అంటిస్తే అది కాసేపటికి మళ్లీ వెనక్కి కుంచించుకుంటుంది, మూలల్లో లేస్తుంది, గీత వంకర పోతుంది. చుట్టని గోడకి దగ్గరగా పట్టుకుని మూరెడు మూరెడు విప్పుతూ, ముందు పెన్సిల్‌తో గీసుకున్న గీత వెంట పరుచుకుంటూ పోవాలి. పెన్సిల్ గీత టేప్ కింద పడేలా కాకుండా ఆకుపచ్చ వచ్చే వైపు ఉండేలా చూసుకోండి, రంగు కింద అది కనిపించకుండా పోతుంది. బ్రష్‌కి రంగు తక్కువ తీసుకోండి, టేప్ మీద నుంచి గోడ వైపుకి లాగండి, గోడ మీద నుంచి టేప్ అంచులోకి నెట్టకండి. రోలర్ అయినా అంతే, నిండా ముంచిన రోలర్‌ని టేప్ అంచున నొక్కితే ఏ కంపెనీ టేపూ ఆపలేదు.

కార్‌షెడ్
ఈ చర్చలో బండ్ల పనివాడు ఒకడు ఉండాలి కాబట్టి వచ్చాను, అసలు మాస్కింగ్ టేప్ పుట్టిందే కార్ల కోసం. 1920ల్లో అమెరికాలో రెండు రంగుల కార్లంటే మోజు. రెండో రంగు కొట్టేటప్పుడు మొదటి రంగు మీద పాత పేపర్లు జిగురుతో అంటించేవాళ్లు, లేదా ఆస్పత్రుల్లో వాడే ప్లాస్టర్ లాంటి టేప్ వాడేవాళ్లు, అది లాగితే కొత్త రంగు కూడా లేచి వచ్చేది. సరిగ్గా తెల్లగోడ గారి భయమే. త్రీఎం కంపెనీ అప్పట్లో సాండ్‌పేపర్ అమ్మేది. అందులో పనిచేసే రిచర్డ్ డ్రూ ఆ సాండ్‌పేపర్ పని మీద బాడీ షాపులకి వెళ్లి ఈ అవస్థ చూశాడు, 1925లో మాస్కింగ్ టేప్ తెచ్చాడు. పట్టుకోవాలి, కానీ వదలాలి, రెండూ ఒకే జిగురు చేయాలి. ఆ చిక్కు ఇప్పటికీ అదే.

మా పనిలో ఇంట్లో వాడే టేప్ అసలు పనికిరాదు. రంగు కొట్టాక బండిని వేడి గదిలో పెడతాం, 60 డిగ్రీలు, ఒక్కోసారి 80 వరకూ. ఆ వేడికి మామూలు టేప్ జిగురు కరిగి బాడీకి అతుక్కుపోతుంది. పైగా మా రంగుల్లో థిన్నర్ ఎక్కువ, చవక టేప్ కాగితంలోంచి థిన్నర్ దిగి కింద ఉన్న రంగుని కూడా మెత్తబరుస్తుంది. అందుకే వేడిని, థిన్నర్‌ని తట్టుకునే ఆటోమోటివ్ టేపులు వేరే ఉంటాయి, ఎన్ని డిగ్రీలు ఎంతసేపు అన్నది వాటి మీద రాసి ఉంటుంది. పౌడర్ కోటింగ్ అయితే, అంటే పొడి రంగు చల్లి వేడితో కరిగించి పట్టించేది, 180, 200 డిగ్రీలు, అక్కడ కాగితమే పనికిరాదు, సిలికాన్ జిగురు ఉన్న ఆకుపచ్చ పాలిస్టర్ టేప్ వాడతారు.

వంపుల గీతలకి ఫైన్‌లైన్ టేప్ అని ప్లాస్టిక్‌ది ఉంటుంది, 3 మిల్లీమీటర్లు, 6 మిల్లీమీటర్ల వెడల్పులో దొరుకుతుంది. ముందు దానితో గీత తిప్పి, దాని వెనక వెడల్పాటి మామూలు టేప్, దాని వెనక పేపర్. గోడ మీద వంపు డిజైన్లు వేసేవాళ్లు కూడా ఇది వాడి చూడండి, కాగితం టేప్‌ని ముక్కలు ముక్కలుగా కోసి తిప్పే బాధ ఉండదు.

తెల్లగోడ
ఇంత వివరంగా చెబుతున్నందుకు అందరికీ ధన్యవాదాలు. అసలు భయపడే ఘట్టం గురించి అడుగుతాను, టేప్ ఎప్పుడు తీయాలి? తడిగా ఉన్నప్పుడా, ఆరాకా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

బ్రష్ బాబాయి
తడిగా ఉన్నప్పుడే. చివరి కోటు వేసి, పై మెరుపు పోయి, వేలు తగిలితే అంటుకునే స్థితిలో ఉండగానే లాగేయాలి.

సన్నగీత
నేను ఒప్పుకోను బాబాయి గారూ. మరీ తడిగా లాగితే టేప్ మీదున్న రంగు చుక్కలుగా రాలుతుంది, గీత అంచు కూడా కాస్త జారుతుంది. మోడల్స్ మీద నేను ఆరాకే తీస్తాను.

బ్రష్ బాబాయి
మీది స్ప్రే గన్‌తో పల్చగా కొట్టే రంగు, నాది బ్రష్‌తో మందంగా వేసేది. ఎమల్షన్ ఆరితే టేప్ మీదా గోడ మీదా కలిపి ఒకే తోలులా అయిపోతుంది. టేప్ లాగితే ఆ తోలు సాగి గోడ మీది రంగుని కూడా లాక్కొస్తుంది, గీత రంపపు పళ్లలా వస్తుంది. అందుకే నా మాట అది.

రసాయనం
ఇద్దరూ చెప్పింది సరైనదే, మందం మీద ఆధారపడి ఉంటుంది. పల్చని స్ప్రే రంగు ఆరాక గీత దగ్గర తెగిపోతుంది, మందపాటి ఎమల్షన్ తెగదు, సాగుతుంది. తెల్లగోడ గారిది రోలర్ పని కాబట్టి బాబాయి గారి మాట వినండి. రెండు కోట్లు వేయాలి, మధ్యలో గంటల తరబడి ఆరాలి అనుకుంటే, మొదటి కోటు దగ్గర టేప్ అలాగే ఉంచి రెండో కోటు వేసిన వెంటనే లాగండి. ఏ కారణం చేతనైనా ఆరిపోతే కంగారుపడి లాగేయకండి. కొత్త బ్లేడుతో టేప్ అంచు వెంట తేలిగ్గా గీయండి, గోడ లోపలికి కాకుండా రంగు పొర తెగేంత మాత్రమే. ఆ తర్వాత లాగితే శుభ్రంగా వస్తుంది.

లాగే తీరు కూడా ముఖ్యం. 45 డిగ్రీలు అని అందరూ రాస్తారు కానీ ఏ 45 డిగ్రీలో చెప్పరు. టేప్ కొసని పట్టుకుని దాన్ని దాని మీదకే వెనక్కి మడిచినట్టు లాగాలి, అప్పుడు మీ చేతిలోని టేప్‌కీ ఇంకా అంటుకుని ఉన్న టేప్‌కీ మధ్య ఉండేది ఆ 45. గోడ నుంచి తిన్నగా మీ వైపుకి లాగితే బలమంతా రంగుని పైకి లేపడానికే పోతుంది. ఇంకోటి, వేగం. ఈ జిగుర్లు నెమ్మదిగా లాగితే తేలిగ్గా వదులుతాయి, విసురుగా లాగితే గట్టిగా పట్టుకుంటాయి, ఆ స్వభావమే అంత. గాయం మీది ప్లాస్టర్‌లా ఒక్క ఉదుటున పీకేయడం ఇక్కడ అస్సలు పనికిరాదు. కొత్త రంగుకి దూరంగా, కాస్త పక్కకి వాలుస్తూ, నెమ్మదిగా.

చెక్కపని
బీరువా గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతాను. పాత బీరువా మీద ఉన్నది పాత ఎనామిల్ అయితే దాన్ని పొడిగా రుద్దకండి. పాతకాలపు ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, ఆ దుమ్ము పీల్చడం ముఖ్యంగా పిల్లలకి ప్రమాదం. నీటితో తడిపి వాటర్ పేపర్‌తో రుద్దండి, పిల్లలని ఆ చుట్టుపక్కలకి రానివ్వకండి, ఆ మురికిని తుడిచిన గుడ్డని పారేయండి.

టేప్ సంగతికి వస్తే, రంగు వేసిన చెక్క నున్నగా ఉంటుంది కాబట్టి మధ్యస్థం పట్టు టేప్ చాలు. పచ్చి చెక్క మీద, అంటే రంగు లేని చెక్క మీద స్టెయిన్ (చెక్కలోకి ఇంకే పల్చని రంగు) వేస్తుంటే మాత్రం ఏ టేపూ ఆపలేదు. స్టెయిన్ టేప్ కింద నుంచి వెళ్లదు, చెక్క నారల లోపల నుంచి వెళ్తుంది. గీత కావలసిన చోట స్కేలు పెట్టి కొత్త బ్లేడుతో లోతుగా ఒక గీత కోయండి, నారలు అక్కడ తెగుతాయి, స్టెయిన్ అక్కడే ఆగుతుంది. టేప్ ఆ కోతకి ఆనించి అంటించుకోవాలి. లేదంటే ముందు లక్క పాలిష్ ఒక చేయి వేసి చెక్క రంధ్రాలు మూసి, దాని మీద టేప్ వేసుకోవచ్చు, కానీ అప్పుడు స్టెయిన్ ఆ భాగంలో పట్టదు, అది ఆలోచించుకోండి.

నీటిరంగులు
కాగితం మీద బొమ్మలు వేసేవాళ్లకి ఒక్క మాట. ఇక్కడ టేప్ పట్టుకునేది అన్నిటికంటే బలహీనమైన ఉపరితలాన్ని. కాగితం పై పొర ఒక్కసారి చిరిగితే ఆ అంచున రంగు ముదురుగా పీల్చుకుంటుంది, ఇంక సరిచేయలేం. తక్కువ పట్టు టేప్ తీసుకుని కూడా ముందు దాన్ని నూలు బట్ట మీద ఒకసారి అంటించి తీసి, పట్టు ఇంకా తగ్గించి వాడుతుంటాను. బొమ్మ పూర్తిగా ఆరాక హెయిర్ డ్రయ్యర్‌తో టేప్‌ని కాస్త వేడి చేస్తే జిగురు మెత్తబడుతుంది, బొమ్మకి దూరంగా, బయటి వైపుకి వంచి తీయాలి. తడి కాగితం మీద నుంచి తీస్తే చిరగడం ఖాయం. గోడల మీద తడిగా ఉండగానే తీయాలని పైన రాశారు కదా, కాగితానికి సరిగ్గా దానికి వ్యతిరేకం.

కొత్తబ్రష్
మా పాత గోడలకి సున్నం మీద డిస్టెంపర్ ఉంది, చేయి పెడితే పొడి అంటుతుంది. డెలికేట్ టేప్ వేస్తే సరిపోతుందా?

బ్రష్ బాబాయి
సరిపోదు. అంటుకోనే అంటుకోదు, పొడినే పట్టుకుంటుంది. లేచే పొరంతా గీకి, తుడిచి, గోడని పట్టుకునే ప్రైమర్ వేసి, దాని మీద రంగు వేశాకే టేప్ గురించి ఆలోచించాలి. అంత పని ఇప్పుడు వద్దనుకుంటే టేప్ మానేసి, దారం కొట్టి గీత వేసుకుని, వాలుగా కోసిన కుచ్చు ఉన్న రెండంగుళాల బ్రష్‌తో చేత్తోనే అంచు కట్టండి. కాస్త సాధన చేస్తే బాగానే వస్తుంది. గరుకు టెక్స్చర్ గోడలకి కూడా నా సలహా ఇదే, టేప్ ఆ గుంటల్లోకి దిగదు. తప్పదనుకుంటే టేప్ అంచున యాక్రిలిక్ సీలెంట్‌ని వేలితో చాలా పల్చగా రాసి, తడిగా ఉండగానే రంగు వేసి, తడిగా ఉండగానే టేప్ లాగాలి. ఒక్కో గోడ ఒకేసారి, మధ్యలో ఆగకూడదు.

తెల్లగోడ
సరే, గోడకి తక్కువ పట్టు టేప్, మీగడ రంగు ముందు రాయడం, తడిలోనే లాగడం. బీరువాకి మధ్యస్థం పట్టు. కిటికీలు మిగిలాయి. ఫ్రేములకి ఎనామిల్, పక్కనే అద్దం, పొద్దున ఎండ నేరుగా పడుతుంది. పాత టేప్ ముక్కలు కూడా అద్దానికి ఎండిపోయి అతుక్కుని ఉన్నాయి, ఇంతకుముందు ఎవరో వదిలేసినవి.

కార్‌షెడ్
కిటికీకి ఎండ తట్టుకునే యాక్రిలిక్ జిగురు టేప్ తీసుకోండి, అయినా వేసిన రోజే తీసేయండి. అద్దం ఎండలో ఎంత వేడెక్కుతుందో చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. టేప్‌ని అద్దం చివరి వరకు అంటించకండి, ఫ్రేముకీ టేప్‌కీ మధ్య 2 మిల్లీమీటర్లంత అద్దం వదలండి. ఆ కాస్త రంగు అద్దం మీదకి ఎక్కితే ఫ్రేముకీ అద్దానికీ మధ్య సందు మూసుకుంటుంది, వాన నీరు అద్దాన్ని పట్టి ఉంచే లప్పంలోకి దిగదు.

అద్దాల రబ్బరు బీడింగు అంచుల్లో ఎలక్ట్రికల్ టేప్ వాడేవాళ్లని చూశాను, వద్దు. సాగి వెనక్కి కుంచించుకుంటుంది, జిగురు నల్లగా వదులుతుంది. అట్టపెట్టెలకి వేసే గోధుమరంగు ప్యాకింగ్ టేప్ అయితే ఇంకా దారుణం, రంగు గోడ మీద వేస్తే లప్పం దాకా లేపుకొస్తుంది.

రసాయనం
ఎండిపోయిన పాత ముక్కలకి ముందు సబ్బు నీళ్లు. గుడ్డని ముంచి టేప్ మీద అంటించినట్టు పెట్టి అరగంట వదిలేస్తే కాగితం నానుతుంది, గీకితే వచ్చేస్తుంది, మిగిలేది జిగురు. దాని మీద నీలగిరి తైలం గానీ మినరల్ టర్పెంటైన్ గానీ కొంచెం రాసి పది నిమిషాలు ఉంచండి, రబ్బరు జిగురు ఉబ్బి మెత్తబడుతుంది. కిటికీలు తెరిచి పెట్టుకుని, మంటకి దూరంగా చేయండి. తర్వాత కొత్త బ్లేడుని అద్దానికి దాదాపు ఆనించి, అద్దం తడిగా ఉండగా ఒకే దిశలో నెట్టండి, ముందుకీ వెనక్కీ ఆడిస్తే గీతలు పడతాయి. చివర్లో సబ్బు నీళ్లతో జిడ్డంతా పోయేలా కడగాలి, ఆ జిడ్డు ఉంటే కొత్త టేప్ అంటుకోదు.

గోడ మీద జిగురు మిగిలితే మాత్రం ఈ ద్రావకాలేవీ వద్దు, ఎమల్షన్ మరకపడుతుంది, అసిటోన్ అయితే రంగునే కరిగిస్తుంది. డ్రయ్యర్‌తో కాస్త వేడి చేసి, అదే రకం టేప్ కొత్త ముక్కతో అద్ది అద్ది లాగండి, జిగురుకి జిగురు అంటుకుని వచ్చేస్తుంది.

సన్నగీత
మిగిలిన చుట్టలని పక్కకి పడుకోబెట్టి, జిప్ కవర్లో పెట్టి దాచండి. అంచుకి దుమ్ము పడితే ఆ టేప్‌తో ఇంక గీత రాదు. ఏళ్ల తరబడి అలమారాలో ఉన్న చుట్ట విప్పుతుంటే ముక్కలు ముక్కలుగా చిరుగుతుంటే దాన్ని పని మీద వాడకండి, డబ్బాల మీద పేర్లు రాసుకోవడానికి పెట్టుకోండి.

తెల్లగోడ
కిటికీ రంగు ఎండ లేనప్పుడు, సాయంత్రం పూట వేస్తే మంచిదా కార్‌షెడ్ అన్నా? లేక పొద్దున్నే వేసి మధ్యాహ్నంలోపు టేప్ తీసేయనా?

కార్‌షెడ్
మీ కిటికీకి ఎండ పొద్దున పడుతుందన్నారు కాబట్టి మధ్యాహ్నం ఎండ తిరిగాక మొదలుపెట్టండి. ఎండలో వేస్తే ఎనామిల్ పైపై గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోతుంది, ముడతలు పడతాయి. మరీ చీకటి పడేదాకా కూడా ఆగకండి, రాత్రి చెమ్మకి మెరుపు తగ్గుతుంది. వేసిన అరగంట, గంటలోపు టేప్ లాగేసి, కిటికీ రెక్కలు ఫ్రేముకి తగలకుండా తెరిచి ఉంచండి.